వాటర్‌గేట్: అంత చిన్న దొంగతనానికి అంత పెద్ద పదవి ఎట్లా పోయింది?

కావలి అమ్మాయి అడిగిన ప్రశ్న

సివిల్స్‌కి చదువుకుంటున్నాను. వరల్డ్ హిస్టరీ నోట్సులో వాటర్‌గేట్ గురించి నాలుగే నాలుగు లైన్లున్నాయి. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో, డెమోక్రాటిక్ పార్టీ ఆఫీసులో ఐదుగురు దొరికారు. 1974 ఆగస్టు 9న అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశాడు. మధ్యలో రెండేళ్ళు ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు.

ఆదివారం నెల్లూరు వెళ్ళినప్పుడు బాబాయ్‌తో దీని మీదే వాదన. బాబాయ్‌కి ట్రంకురోడ్డులో ఎలక్ట్రికల్ షాపుంది. రాజకీయాలంటే చెవి కోసుకుంటాడు. "వాళ్ళు ఎత్తుకుపోయింది కూడా ఏం లేదంట గదమ్మా. మన దగ్గరైతే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీదే ఆగిపోయేది ఆ కేసు. దానికి అమెరికా ప్రెసిడెంటు దిగిపోవడమేంది?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

నాకున్న డౌట్లు ఇవీ. 1972 నవంబరు ఎన్నికల్లో నిక్సన్ 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. అంత గాలి ఉన్నవాడికి ఎదుటి పార్టీ ఆఫీసులో దొంగచాటుగా మైకులు పెట్టించాల్సిన ఖర్మేంటి? అసలు ఆ మనుషుల్ని పంపింది ఆయనేనా? ఆయన్ని దింపింది ఎవరు, పేపర్లా, కోర్టా, పార్లమెంటా? కోచింగ్ మెటీరియల్ కాకుండా, బాబాయ్‌కి చెప్తే ఆయన నోరు మూయించేలా చెప్పండి ప్లీజ్.

గూడూరు జంక్షన్

ఇందులో డౌటేముంది? పేపరే దింపింది. వాషింగ్టన్ పోస్టులో వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ అని ఇద్దరు కుర్ర విలేకరులు. వాళ్ళకి రాత్రిపూట పార్కింగ్ గ్యారేజీలో కలిసి ఉప్పందించే అజ్ఞాత వ్యక్తి ఒకడు, పేరు డీప్ త్రోట్. ఎఫ్‌బీఐలో నంబర్ టూగా చేసిన మార్క్ ఫెల్టే ఆయనని 2005లో బయటపడింది. ఇద్దరు కుర్రాళ్ళు ప్రెసిడెంటుని ఇంటికి పంపారు, అంతే కథ. బాబాయ్‌కి ఇది చాలు.

పాత క్యాషియర్, కందుకూరు

గూడూరు తమ్ముడు చెప్పింది పేపరోళ్ళు చెప్పుకునే కథ. అబద్ధమనను, సగమే అంటాను.

అమ్మాయీ, నేను బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర మొదలుపెట్టి మేనేజరుగా దిగిపోయిన మనిషిని. టంగుటూరులో పొగాకు డబ్బు, చీమకుర్తిలో గ్రానైట్ డబ్బు చూశాను. నిక్సన్ దిగిపోయిన రోజుల్లో నేను ఒంగోల్లో డిగ్రీ చదువుతున్నాను. పేపర్లో ఫోటో చూసి ఊరుకున్నాం. అసలు సంగతులు నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, సెనేట్ కమిటీ రిపోర్టు సంపాదించి చదివినప్పుడు. చదువుతుంటే నాకు ముందు కనపడింది విలేకరులూ కాదు, దొంగలూ కాదు. నోట్ల నంబర్లు.

దొరికిన ఐదుగురి జేబుల్లోనూ, వాళ్ళు దిగిన హోటల్ గదుల్లోనూ వంద డాలర్ల నోట్లున్నాయి. నంబర్లన్నీ వరసగా ఉన్నాయి. కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి దీని అర్థం చెప్పక్కర్లేదు. సంతలో తిరిగిన నోట్లకి వరస ఉండదు. వరస ఉందంటే అది బ్యాంకులో కట్ట విప్పి ఇచ్చిన కొత్త నోటు. అమెరికాకి రిజర్వ్ బ్యాంకు లాంటి ఫెడరల్ రిజర్వ్ ఏ కట్ట ఏ బ్యాంకుకు పంపిందో రికార్డుంటుంది. ఎఫ్‌బీఐ వాళ్ళు ఆ దారి పట్టుకుని మయామీలో ఒక బ్యాంకుకు పోయారు. అక్కడ తేలిన అకౌంటు ఎవరిదంటే, దొరికిన ఐదుగురిలో ఒకడైన బెర్నార్డ్ బార్కర్‌ది. మయామీలో రియల్ ఎస్టేట్ చేసుకునేవాడు.

ఆ అకౌంటులో ఏప్రిల్ నెలలో ఐదు చెక్కులు పడ్డాయి. నాలుగు మెక్సికో సిటీ బ్యాంకువి, కలిపి 89,000 డాలర్లు. ఐదోది 25,000 డాలర్ల క్యాషియర్స్ చెక్కు, అంటే మన డీడీ లాంటిది. దాని మీద కెన్నెత్ డాల్‌బర్గ్ అని పేరుంది. ఎవరయ్యా ఈయన అంటే, మిడ్‌వెస్ట్ రాష్ట్రాల్లో నిక్సన్ ఎన్నికలకు చందాలు వసూలు చేసే పెద్దమనిషి! ఎన్నికల చందా పోయి దొంగల్లో ఒకడి అకౌంట్లో పడింది. 1972 ఆగస్టు 1న వాషింగ్టన్ పోస్ట్ వేసిన వార్త ఇదే. బెర్న్‌స్టీన్ ఆ చెక్కుల సంగతి పట్టుకున్నది మయామీ ప్రాసిక్యూటర్ ఆఫీసులో. వాళ్ళు అప్పటికే బ్యాంకు రికార్డులు తెప్పించి పెట్టుకున్నారు. తమ్ముడూ, గ్యారేజీ కథ కంటే నాకు ఈ ఫైలు కథే ఎక్కువ రుచి.

చందా డబ్బు ఆ అకౌంటుకు ఎందుకు పోయిందనేది అసలు ప్రశ్న. 1972 ఏప్రిల్ 7 నుంచి కొత్త చట్టం వచ్చింది. చందా ఇచ్చినవాళ్ళ పేర్లు బయటపెట్టాలి. పేరు చెప్పుకోవడం ఇష్టంలేని ఆసాములంతా ఆ తేదీకి ముందే డబ్బు దాటించాలని పరుగులు పెట్టారు. మెక్సికో తిరిగొచ్చిన డబ్బు అట్లాంటిదే. డాల్‌బర్గ్ చెక్కు మీదైతే ఏప్రిల్ 10 తేదీ ఉంది. మాట ముందే అయిపోయింది, కాగితం మాత్రం గడువు దాటింది. దాన్ని నిక్సన్ ఎన్నికల కమిటీ అకౌంటులో వేస్తే పేరు రాయాలి. అందుకని కమిటీ లాయరు గోర్డన్ లిడ్డీ ఆ ఐదు చెక్కులూ తీసుకుని బార్కర్‌కి ఇచ్చాడు. బార్కర్ తన అకౌంటులో వేసుకుని నగదు చేసి వెనక్కిచ్చాడు. డాల్‌బర్గ్ సంతకాన్ని నోటరీగా తప్పుడు ధ్రువీకరణ చేశాడని అతని మీద ఫ్లోరిడాలో వేరే కేసు కూడా పడింది.

ఈ తంతు నాకు కొత్త కాదు. పొగాకు సీజన్లో ఒకాయన పక్క ఊరివాళ్ళ చెక్కులు ఓ బొత్తి తెచ్చి, "మా డ్రైవరు అకౌంట్లో వేసి క్యాష్ ఇవ్వండి సార్, వెనకాల సంతకాలున్నాయి గదా" అన్నాడు. కుదరదన్నాను. నెల తిరక్కముందే నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. ఆ రెండింటికీ సంబంధముందని నేననడం లేదు, లేదనీ అనడం లేదు.

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నా. దొంగలు దొరికి ఆరు రోజులైంది. జూన్ 23 పొద్దున నిక్సన్ గదిలోకి ఆయన ప్రధాన అనుచరుడు హాల్డెమాన్ వచ్చాడు. ఎఫ్‌బీఐ మన చెయ్యి దాటిపోతోంది, డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెట్టేస్తున్నారు అన్నాడు. దానికి ఉపాయం కూడా వాళ్ళే ఆలోచించుకున్నారు. సీఐఏ అధికారి వెర్నన్ వాల్టర్స్ చేత ఎఫ్‌బీఐ అధిపతి పాట్ గ్రేకి చెప్పించాలి, ఇది దేశ రహస్యం, ఇంకా లోతుకు పోవద్దని. నిక్సన్ సరేనన్నాడు. ఆ గదిలో 1971 ఫిబ్రవరి నుంచీ మాట వినపడితే చాలు తనంతట తానే తిరిగే టేపు మిషన్లున్నాయి. పెట్టించింది ఆయనే.

అమ్మాయీ, నీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఆ ఐదుగురినీ నిక్సనే పంపాడనడానికి రుజువు ఈరోజుకీ లేదు. మెక్సికో చెక్కుల జాడ తియ్యకుండా ఎఫ్‌బీఐని ఆపమన్నందుకు పోయింది ఆయన పదవి. బాబాయ్ అన్నాడే, సీఐ దగ్గర ఆగిపోయేదని, సరిగ్గా ఆ పనే చెయ్యబోయాడు నిక్సన్. ఆపబోయిన మాట టేపులో ఉండిపోయింది.

కృష్ణపట్నం నైట్ షిఫ్ట్

నేను పోర్టు దగ్గర సెక్యూరిటీలో చేస్తాను. ఎవరూ ఆ వాచ్‌మన్‌ పేరెత్తలేదే? ఫ్రాంక్ విల్స్, 24 ఏళ్ళ కుర్రాడు, నల్లజాతి మనిషి. రౌండ్లకి పోయినప్పుడు ఒక తలుపు గడియ పడకుండా టేపు అంటించి ఉండటం చూశాడు. క్లీనింగ్ వాళ్ళు అంటించారేమోనని పీకేసి పోయాడు. కాసేపాగి మళ్ళీ వస్తే మళ్ళీ టేపు. అప్పుడు పోలీసులకు ఫోన్ చేశాడు.

వచ్చిన పోలీసులు మామూలు బట్టల్లో, మామూలు కార్లో వచ్చారు. రోడ్డుకు అవతల హోటల్ గదిలో కాపలా పెట్టిన మనిషి వాళ్ళని చూసి కూడా ముందు పోలీసులనుకోలేదు. యూనిఫాం వేసుకుని సైరన్ కొట్టుకుంటూ వచ్చుంటే ఐదుగురూ జారుకునేవాళ్ళు, ఇన్ని చెక్కులూ ఉండవు, టేపులూ ఉండవు. విల్స్‌కి ఆ తర్వాత సరైన ఉద్యోగం నిలవలేదు. 2000లో పేదవాడిగానే చచ్చిపోయాడు. ఈ ఒక్క లైనైనా పరీక్షలో రాయమ్మా.

కావలి అమ్మాయి

కందుకూరు సార్, దండం మీకు. జూన్ 23 టేపులో ఉన్నది చెక్కుల సంగతేనని నాకెవరూ చెప్పలేదు. ఒకటి మిగిలింది సార్. 49 రాష్ట్రాలు గెలిచేవాడికి ఈ పని ఎందుకు?

పాత క్యాషియర్, కందుకూరు

జనవరిలో వాళ్ళకేం తెలుసమ్మా నవంబరులో ఏమవుతుందో. పైగా చేతినిండా లెక్కలేని నగదు, పక్కన లిడ్డీ లాంటి మనిషి. అతను మొదట ఎదుటి పార్టీ మీద నిఘాకి 10 లక్షల డాలర్ల ప్లాను పట్టుకుని అటార్నీ జనరల్ మిచెల్ ఆఫీసుకే పోయాడు. దేశానికి న్యాయశాఖ మంత్రి అన్నమాట ఆయన! గెంటెయ్యకుండా ఖర్చు తగ్గించుకు రమ్మన్నారు. తగ్గించి తగ్గించి 2,50,000 దగ్గరకు తెచ్చారు.

అయితే పై వాళ్ళు వణికింది వాటర్‌గేట్ గురించి మాత్రమే కాదు. లిడ్డీ, అతనితో కలిసి వాటర్‌గేట్ పని నడిపిన మాజీ సీఐఏ మనిషి హంట్, ఇద్దరూ అంతకు ముందు సంవత్సరమే వైట్‌హౌస్ పనిమీద ఇంకో దొంగతనం చేయించారు. వియత్నాం యుద్ధ రహస్య పత్రాలు బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్ ఉన్నాడే, ఆయన మానసిక వైద్యుడి ఆఫీసు పగలగొట్టించారు. హంట్ నోరు విప్పితే అది కూడా బయటపడుతుంది. అందుకే అతని నోరు మూయించడానికి డబ్బు.

ఆ డబ్బు పంచిన తీరు చూడు. టోనీ ఉలాసెవిచ్ అని న్యూయార్క్ పోలీసుల్లో చేసి రిటైరైన మనిషి. 2 లక్షల డాలర్లకు పైగా నగదు అతని చేతుల మీదుగా పోయింది. ఎయిర్‌పోర్టు లాకర్లో కవరు పెట్టడం, పబ్లిక్ బూత్ నుంచి ఫోన్ చేసి చెప్పడం. చిల్లర మొయ్యలేక బస్సు కండక్టర్లు నడుముకి కట్టుకునే చిల్లర డబ్బా ఒకటి కొనుక్కున్నాడట. సెనేట్ కమిటీ ముందు ఈ మాట చెప్తే హాలంతా నవ్వులు. 1972 డిసెంబరులో చికాగోలో విమానం కూలి హంట్ భార్య చనిపోయింది. ఆమె బ్యాగులో 10,000 డాలర్లకు పైగా నగదు దొరికింది. ఇది నవ్వే సంగతి కాదులే.

1973 మార్చి 21న నిక్సన్ దగ్గరికి వైట్‌హౌస్ లాయరు జాన్ డీన్ వచ్చి, వీళ్ళు అడుగుతూనే ఉంటారు సార్, రెండేళ్ళలో 10 లక్షల డాలర్లు అవుతుందన్నాడు. నిక్సన్ ఏమన్నాడంటే, 10 లక్షలు దొరుకుతాయి, నగదుగానే దొరుకుతాయి, ఎక్కడ దొరుకుతాయో నాకు తెలుసునని. అదీ టేపులోనే. ముప్పై ఏళ్ళు బ్యాంకులో చేసినా నాకు తెలియని చోటు అది!

ఒంగోలు జూనియర్ లాయర్

క్యాషియర్ గారు చెక్కులన్నీ విప్పి చూపించారు, బాగుంది. కానీ టేపు గదిలో ఉంటే సరిపోదండీ, కోర్టుకు రావాలి. ఆ ఒక్క పనికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదే అసలు వాటర్‌గేట్ అంటాను నేను.

ముందు జడ్జి సిరికా. దొంగలకు నలభై ఏళ్ళ దాకా తాత్కాలిక శిక్షలు వేసి, నోరు విప్పితే తగ్గిస్తానని సూచన ఇచ్చాడు. మా సీనియర్ దీన్ని అస్సలు ఒప్పుకోరు, అది జడ్జి పని కాదంటారు. ఏమైనా, కఠిన శిక్ష తప్పదన్న భయం ముందే పనిచేసింది. వాళ్ళలో ఒకడైన మెకార్డ్ జడ్జికి ఉత్తరం రాశాడు. మా మీద ఒత్తిడి తెచ్చారు, కోర్టులో అబద్ధాలు చెప్పారు అని. శిక్షలు వేసిన రోజునే, 1973 మార్చి 23న, ఆ ఉత్తరం కోర్టులో చదివారు.

తర్వాత సెనేట్ కమిటీ విచారణ, టీవీలో లైవ్. డీన్ అక్కడ నిక్సన్ మీదే సాక్ష్యం చెప్పాడు. జూలై 16న అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే మాజీ ఉద్యోగి, అవును, అధ్యక్షుడి గదిలో టేపులున్నాయని చెప్పేశాడు. అప్పటిదాకా డీన్ మాటకూ నిక్సన్ మాటకూ పోటీ. ఇప్పుడు సాక్షి దొరికింది, జెరాక్స్ కూడా అక్కర్లేని సాక్షి.

టేపులు ఇవ్వమన్న స్పెషల్ ప్రాసిక్యూటర్ కాక్స్‌ని తీసెయ్యమని నిక్సన్ ఆర్డరు. అటార్నీ జనరల్ రిచర్డ్‌సన్ తియ్యను అని రాజీనామా చేశాడు. ఆయన కింది అధికారి రకల్స్‌హౌస్ కూడా తియ్యనన్నాడు, పోయాడు. మూడో మనిషి బోర్క్ తీశాడు. ఇదంతా 1973 అక్టోబర్ 20, ఒక్క శనివారం రాత్రి. దానికి పది రోజుల ముందే ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ పన్ను ఎగవేత కేసులో రాజీనామా చేసి ఉన్నాడు, దానికీ వాటర్‌గేట్‌కీ సంబంధం లేదు. ఒక టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు చెరిగిపోయి ఉండటం కూడా ఆ రోజుల్లోనే బయటపడింది.

చివరికి 1974 జూలై 24న సుప్రీంకోర్టు టేపులు ఇచ్చి తీరాలంది. 8-0. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు నిక్సన్ నియమించినవాళ్ళే, తీర్పు రాసిన చీఫ్ జస్టిస్ బర్గర్‌తో సహా. రెన్‌క్విస్ట్ ఇంతకుముందు నిక్సన్ ప్రభుత్వంలో పనిచేశాడు కాబట్టి తప్పుకున్నాడు. ఆగస్టు 5న జూన్ 23 టేపు బయటికి వచ్చింది. ఏడో తారీఖున సొంత పార్టీ పెద్దలు గోల్డ్‌వాటర్, స్కాట్, రోడ్స్ వచ్చి, సెనేట్‌లో మీకు బలం లేదని చెప్పారు. ఎనిమిదిన టీవీలో ప్రకటన, తొమ్మిదిన దిగిపోయాడు.

అమ్మా, ఒకచోట చాలామంది పొరపడతారు. నిక్సన్ ఇంపీచ్ కాలేదు, అంటే సభ ఆయన్ని అభిశంసించలేదు. దిగువ సభ (హౌస్) జ్యుడీషియరీ కమిటీ మూడు అభియోగాలు ఆమోదించింది, అంతే. సభ ఓటింగుకు రాకముందే దిగిపోయాడు. పరీక్షలో ఇది గుర్తుపెట్టుకో.

గూడూరు జంక్షన్

అయితే కోర్టు దించిందంటారు, సరే. మన జిల్లాలోనే ఉంది గదా ఉదాహరణ. ప్రైవేటు మెడికల్ కాలేజీల అనుమతులు హైకోర్టు కొట్టేశాక 1992లో మన వాకాటి మనిషి నేదురుమల్లి జనార్దనరెడ్డి సీఎం పదవికి రాజీనామా చేశాడు.

పాత క్యాషియర్, కందుకూరు

అంతకంటే పాతది ఉంది. 1964లో కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యలు చేసిందని నీలం సంజీవరెడ్డి సీఎం పదవి వదిలేశాడు. ఆయన మళ్ళీ రాష్ట్రపతి దాకా పోయాడు.

ఒంగోలు జూనియర్ లాయర్

రెండూ వేరు కేసులండీ. అక్కడ కోర్టు తప్పుబట్టింది ప్రభుత్వ నిర్ణయాన్ని. నిక్సన్ మీదున్నది నేర విచారణను అడ్డుకున్నాడని. గ్రాండ్ జ్యూరీ ఆయన్ని కుట్రలో భాగస్వామిగా పేర్కొంది కూడా, కేసు మాత్రం పెట్టలేదు. ఒకేగాట కట్టకండి, అమ్మాయి మార్కులు పోతాయి.

కావలి అమ్మాయి

బాబాయ్‌కి ఫోన్ చేసి చదివి వినిపించాను. చెక్కుల దగ్గర గమ్మునైపోయాడు. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు. "జైలుకు ఎవరు పోయినారు? ఆ చెక్కు పెద్దమనిషి పోయినాడా?"

పాత క్యాషియర్, కందుకూరు

డాల్‌బర్గ్ మీద కేసే లేదు. డబ్బు తెచ్చి కమిటీకి అప్పగించాడు, ఆ తర్వాత అది యాడికి పోయిందో ఆయనకు తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ విమానాలు నడిపిన మనిషి, తర్వాత చెవిటి మిషన్ల వ్యాపారం. మిచెల్, హాల్డెమాన్, ఇంకో పెద్ద అనుచరుడు ఎర్లిక్‌మాన్ ముగ్గురూ జైలుకు పోయారు. న్యాయశాఖ చూసినవాడు 19 నెలలు లోపలున్నాడు. నిక్సన్‌కు మాత్రం తర్వాత వచ్చిన ఫోర్డ్ 1974 సెప్టెంబర్ 8న పూర్తి క్షమాభిక్ష ఇచ్చేశాడు. ఫోర్డ్ 1976లో ఓడిపోవడానికి అదొక కారణమంటారు. మీ బాబాయ్‌కి ఇది చెప్తే మళ్ళీ నోరు లేస్తుంది, చూసుకో.

కావలి అమ్మాయి

లేచింది సార్. "చెప్పలా నేను?" అంటున్నాడు. ఇంతా 250 పదాల్లో రాయాలి. ఏం తియ్యమంటారు?

పాత క్యాషియర్, కందుకూరు

ఉలాసెవిచ్‌ని తీసెయ్, నాకు మనసొప్పకపోయినా. జూన్ 23, జూలై 24, ఆగస్టు 5 ఉంచు. వాచ్‌మన్‌ని ఉంచు, పోర్టు తమ్ముడు ఊరుకోడు.

గూడూరు జంక్షన్

మరి వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్?

పాత క్యాషియర్, కందుకూరు

ఒక లైను ఇద్దాంలే.